లంకలో ఉంటూనే డాక్టరుకు చూపించుకోవాలంటే: ఈ-సంజీవని నమోదు ఇలా

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 13.75 అడుగులకు చేరితే రెండో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పటికే కనకాయలంక లాంటి లంకల్లో, అంటే నది మధ్య ఊళ్లలో, ఊరికి వెళ్లే కాజ్‌వే నీళ్లలో ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లకు జ్వరం తగిలినా, బీపీ మాత్రలు నిండుకున్నా పడవ ఎప్పుడొస్తుందా అని రేవు వైపు చూడాల్సిందే. అలాంటి రోజుల కోసమే ఈ-సంజీవని గురించి చెబుతున్నాను. ఇది కేంద్ర ఆరోగ్య శాఖ నడిపే వీడియో ఓపీ. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ సమయంలో, ఇళ్ల నుంచే చూపించుకునే వీలు వచ్చింది. ఫీజు లేదు. వరద వచ్చాక కాదు, కరెంటూ సిగ్నలూ బాగున్నప్పుడే ఫోనులో సిద్ధం చేసి పెట్టుకోండి.

ప్లే స్టోర్‌లో ఈ-సంజీవని యాప్ దించుకుని, పేషెంటుగా లాగిన్ అవ్వండి. మొబైల్ నంబరు కొడితే ఓటీపీ వస్తుంది. తర్వాత పేరు, వయసు, చిరునామా అడుగుతుంది. ఫోను మీదే అయినా చూపించుకునేది మీ అమ్మగారైతే ఆవిడ వివరాలే ఇవ్వాలి. మందుల చీటీ మీద పేరూ వయసూ ఇక్కడి నుంచే పడతాయి.

అన్నిటికంటే ముఖ్యం పర్మిషన్లు. యాప్ మొదటిసారి తెరిచినప్పుడు కెమెరా, మైక్రోఫోన్ వాడుకోవచ్చా అని అడుగుతుంది. రెండింటికీ ఒప్పుకోవాలి. మా నాన్నకు దగ్గు ఎక్కువైనప్పుడు నేను కంగారులో మైక్ దగ్గర వద్దని నొక్కేశాను. డాక్టరమ్మ తెర మీద కనిపిస్తున్నారు, నాన్న "ఆయ్, చెప్పండమ్మా" అంటూనే ఉన్నారు, ఆవిడ మాత్రం వినపడట్లేదని చెవి చూపిస్తున్నారు. కాల్ కట్ చేసి, సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి మైక్ ఆన్ చేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఆ టెన్షన్ మీకొద్దు. ముందురోజే ఎవరికైనా వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి సిగ్నల్ ఎలా ఉందో చూసుకోండి. మా ఇంట్లో అయితే డాబా మీదే నిలబడుతుంది.

ఇక చూపించుకునే రోజు. లక్షణాలు నమోదు చేసి, పాత చీటీలు, రిపోర్టులు ఉంటే ఫోటో తీసి జతచేయండి. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని ఎంచుకోండి, తెలుగులో మాట్లాడే డాక్టరు దొరకాలంటే అదే మార్గం. టోకెన్ వస్తుంది. వరుసలో మీ వంతు వచ్చేదాకా యాప్ మూయకండి, వంతు వచ్చాక కాల్ బటన్ నొక్కాలి. వెలుతురు పేషెంటు ముఖం మీద పడేలా కూర్చోబెట్టండి. వేసుకుంటున్న మాత్రల షీట్లు చేతిలో ఉంచుకుని, వెనక వైపు పేరు కనపడేలా కెమెరాకు చూపించండి.

పాముకాటు, గుండెనొప్పి, ఆయాసం, మాట తడబడటం లాంటివాటికి టోకెన్ కోసం కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, పడవ సంగతి చూడండి. వరదల్లో పాములు ఇళ్లలోకి వస్తాయి కాబట్టి ఇది ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.

మాట్లాడటం అయ్యాక మందుల చీటీ యాప్‌లోకే వస్తుంది. దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని మెడికల్ షాపులో చూపిస్తే చాలు. నిద్రమాత్రల్లాంటి కొన్ని మందులు మాత్రం వీడియోలో చూసి రాయరు.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు ఊళ్లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌కు వెళ్లొచ్చు. అక్కడి సిబ్బందే తమ దగ్గరున్న పరికరంలో పెద్దాసుపత్రి డాక్టరుతో మాట్లాడిస్తారు. వెళ్లేటప్పుడు పాత చీటీలు సంచిలో వేసుకెళ్లండి.