ఒంటికి నూనె, కాగితానికి బొగ్గు: శరీరంతో అచ్చు తీయడం ఎలా

మా నాన్న కుడికాలి అచ్చు సరిగ్గా పడడానికి ఏడు కాగితాలు పట్టాయి. ఆయన చీరాల దగ్గర గుంటమగ్గం మీద నలభై ఏళ్లు నేసిన మనిషి. ఏడో కాగితంలో మడమ పగుళ్లు ఒక్కొక్కటీ విడివిడిగా పడ్డాయి. బొటనవేలి కింద, మగ్గం కర్రను తొక్కీ తొక్కీ కాసిన కాయ కూడా పడింది. ఆ కాలు చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. కాయ అంత వెడల్పని మాత్రం నాకు కాగితం మీదే తెలిసింది.

నేను ప్రింట్‌మేకింగ్ (అచ్చు బొమ్మలు వేసే కళ) చదివాను, హైదరాబాద్‌లో పిల్లలకు డ్రాయింగ్ చెబుతాను. ఈ పనికి ప్రెస్సు అక్కర్లేదు, ఖరీదైన సిరాలు అక్కర్లేదు. ఎలా చేయాలో నేను చేసిన క్రమంలోనే చెబుతాను.

పద్ధతి నాది కాదు. అమెరికన్ కళాకారుడు డేవిడ్ హామన్స్ 1960ల చివర్లో లాస్ ఏంజెలస్‌లో దీన్ని మొదలుపెట్టారు. ఒంటికీ, వేసుకున్న బట్టలకూ మార్జరిన్ (మన డాల్డాకు చుట్టం అనుకోండి) పట్టించి, కాగితం మీద ఒత్తుకుని, ఆ జిడ్డు మీద పొడి రంగు చల్లేవారు. 1969లో చికాగో కోర్టులో నల్లజాతి వారి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడు బాబీ సీల్‌ను జడ్జి ఎదుటే కుర్చీకి కట్టేసి నోటికి గుడ్డ బిగించారు. ఆ మరుసటి ఏడు హామన్స్ తన సొంత ఒంటితోనే ఆ కట్టేసిన మనిషిని అచ్చు తీశారు. ఆ బొమ్మ పేరు ‘ఇన్‌జస్టిస్ కేస్’.

అంతకుముందే, 1960 మార్చి 9న పారిస్‌లో ఫ్రెంచ్ కళాకారుడు ఈవ్ క్లైన్ ముగ్గురు మోడల్స్ ఒంటికి నీలం రంగు పట్టించి జనం ముందు అచ్చులు వేయించారు. ఆయన సూటులో నిలబడి ఎలా చేయాలో చెబుతుంటే పక్కన వాద్యబృందం ఒకే స్వరాన్ని ఇరవై నిమిషాలు సాగదీసింది. ఆ నీలం నాకు ఇష్టం. ఆ ఏర్పాటు ఇష్టం లేదు. ఒంటి అచ్చు ఎవరిదో వారి చేతుల్లో ఉండాలి. అందుకే మొదట మీ సొంత చేతితో మొదలుపెట్టండి. తర్వాత ఇంట్లో వాళ్లను అడగండి, వద్దంటే వదిలేయండి.

ఏం కావాలంటే: 200 జీఎస్ఎంకు (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) తగ్గని నున్నటి కాగితం, వేజలిన్, మెత్తటి బొగ్గు పొడి, టీ వడగట్టే జాలీ, మెత్తటి బ్రష్షు, మడత పెట్టిన దుప్పటి, ఫిక్సేటివ్ స్ప్రే (పొడి రాలకుండా పట్టి ఉంచేది), మాస్కు. గరుకు కాగితం తీసుకోకండి. చర్మం గీతలు దాని గరుకులో కలిసిపోతాయి. కొబ్బరినూనె చేతికి దగ్గరగా ఉంటుందని నేనూ మొదట అదే వాడాను. అది ఆరిపోయే నూనె కాదు, కాగితంలోకి ఇంకుతూనే ఉంటుంది. నెల తిరిగేసరికి అచ్చు చుట్టూ పసుపుపచ్చ మరక తేలింది. వేజలిన్ చిక్కన, పల్చగా రాస్తే ఎక్కడిదక్కడే నిలుస్తుంది.

బొగ్గు పొడి కొనొచ్చు, చేసుకోవచ్చు కూడా. కట్టెల బొగ్గును రోట్లో నూరి, పాత పంచె గుడ్డలో జల్లించాను. వేలి మధ్య రుద్దితే పౌడరులా జారాలి, ఇసుకలా తగలకూడదు. నూరేటప్పుడూ చల్లేటప్పుడూ మాస్కు తీయొద్దు. హోలీ రంగులు, గోడ రంగులు, ప్రెస్సు సిరా, ఏం కలిపారో తెలియని కుంకుమ ఈ పనిలోకి రానివ్వకండి. ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఏమిటంటే రంగు చర్మానికి అంటదు, కాగితానికే అంటుతుంది. అయినా వేజలిన్ పడుతుందో లేదో ముందురోజు మోచేతి మడతలో కొంచెం రాసి చూడండి. పగులు లోంచి రక్తం వస్తుంటే ఆ కాలు ఆ వారం ముట్టుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్ల కాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త.

ఇక అసలు పని. కాలు కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. అరికాలంతటికీ శనగగింజంత వేజలిన్ చాలు. బాగా రుద్ది, తర్వాత పొడి గుడ్డతో ఒకసారి తుడిచేయండి. తుడిచేస్తే ఇంకేం మిగులుతుందని అనిపిస్తుంది. మిగిలేదే కావలసింది. చర్మం మీది సన్నటి గట్లకు జిడ్డు అంటి ఉండాలి, గట్ల మధ్య సందుల్లో ఉండకూడదు. నాన్న కాలికి మొదటి రెండుసార్లు నేను దండిగా రాశాను. రెండు కాగితాల మీదా పాదం ఆకారంలో ఒక నల్లటి ముద్ద తప్ప ఏమీ రాలేదు.

మూడోది నాన్న లేవడంలో పోయింది. నిలబడి తొక్కి, లేచేటప్పుడు కాలు అరంగుళం జారింది, వేళ్లన్నీ రెండేసి పడ్డాయి. అప్పటినుంచి కుర్చీలో కూర్చోబెట్టాను. మడమ ముందు ఆనించి, మెల్లగా వేళ్ల వైపు దించి, మోకాలి మీద రెండు చేతులతో ఒత్తమన్నాను. మనసులో పది లెక్కపెట్టాక, నేను కాగితం రెండు మూలలూ నేలకు అదిమి పట్టుకుంటే ఆయన మడమ నుంచి పైకెత్తారు. ఒంటి అచ్చులో కష్టమంతా ఆనించడంలో లేదు, లేవడంలో ఉంది. వీపు అచ్చు తీస్తే ఇంకా కష్టం. కాగితం అవతల చేతులు ఆనించుకోవడానికి చోటుండాలి, లేపడానికి ఇంకో మనిషి ఉండాలి.

నాలుగో కాగితాన్ని గచ్చు మీద నేరుగా పెట్టాను. మడమ, బొటనవేలు తప్ప ఏమీ పడలేదు. కింద దుప్పటి నాలుగు మడతలు వేస్తే కాగితం కొంచెం పైకి లేచి చర్మాన్ని అందుకుంటుంది. ఐదోసారి ఎనిమిది మడతలు వేస్తే కాగితమే ముడత పడింది. నాలుగే సరి. అరికాలి వంపు దగ్గర ఖాళీ వస్తుంది, దాన్ని నింపాలని చూడకండి. తగిలింది పడుతుంది, తగలనిది పడదు. ఈ అచ్చు చెప్పేది అదే.

కాలు తీశాక కాగితం తెల్లగానే కనిపిస్తుంది. కంగారు పడొద్దు. కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే జిడ్డు మెరుస్తుంది. ముందు ఫ్యాన్ కట్టేయండి, నా ఆరో కాగితం ఫ్యాన్ గాలికే పోయింది. జాలీలో రెండు చెంచాల పొడి వేసి, జానెడు ఎత్తు నుంచి మెల్లగా తట్టండి. బియ్యప్పిండితో ముగ్గు వేసిన చెయ్యికి ఈ అలవాటు చెప్పక్కర్లేదు. అచ్చంతా మూసుకుపోయాక కాగితాన్ని నిలబెట్టి వెనక నుంచి వేలితో తట్టాలి. పొడి జలజలా రాలిపోతుంది, పాదం బయటికొస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు మాట రాలేదు. మిగిలిన దుమ్ము బ్రష్షుతో, ఊపిరి ఆపి తీయండి. నోటితో ఊదితే తుంపర పడి చుక్కలు తేలతాయి. తర్వాత ఆరుబయట అడుగు దూరం నుంచి ఫిక్సేటివ్ పల్చగా మూడు పూతలు, ఒక్కో పూత ఆరాకే ఇంకోటి.

ముఖం తీయాలంటే ముఖాన్ని కాగితం దగ్గరికి తీసుకెళ్లొద్దు, కాగితాన్నే ముఖం మీదికి తేవాలి. కళ్లు, నోరు మూసుకుని, ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా అద్దుతూ వెళ్లాలి. ముఖం చదునుగా విప్పినట్టు వెడల్పుగా వస్తుంది. అమెరికన్ చిత్రకారుడు జాస్పర్ జాన్స్ 1962లో నూనె రాసుకున్న ముఖాన్నీ చేతులనూ కాగితానికి ఒత్తి, పైన బొగ్గు రుద్ది చేసిన ‘స్టడీ ఫర్ స్కిన్’ బొమ్మలు ఇలాగే ఉంటాయి.

తడి రంగుతో చేయాలనుకుంటే ఒంటికి పూసుకోవడానికే తయారుచేసిన నీళ్ల రంగు వాడండి. బ్రష్షుతో కాదు, స్పాంజితో అద్దండి. ఒక్క నిమిషంలో ఒత్తేయాలి. మొదటి అచ్చు మరకలా వస్తుంది, మళ్లీ రంగు వేయకుండా తీసిన రెండోదే బాగుంటుంది. ఆక్రిలిక్ మాత్రం వద్దు. ముంజేతి మీద ఆరిపోయాక వెంట్రుకలతో సహా ఊడి వచ్చింది.

జిడ్డు పోవడానికి ముందు పొడి గుడ్డ, తర్వాత నలుగు పెట్టినట్టు శనగపిండి, ఆఖరున సబ్బు.

ఇంకో మాట. చేతి అచ్చులు ఫోటో తీసి నెట్‌లో పెట్టేటప్పుడు వేలి కొసలు మసక చేయండి. ఈ పద్ధతిలో వేలిముద్ర చాలా స్పష్టంగా పడుతుంది, మన ఆధార్ గుర్తింపు చాలా చోట్ల ఆ గీతల మీదే నడుస్తోంది. మా నాన్న చేతి బొటనవేలిది మసక చేసే పని పడలేదు. రేషన్ షాపులో మిషన్ ఆయన వేలిని ఎన్నిసార్లు పెట్టినా తీసుకోదు, తుడుచుకుని మళ్లీ పెట్టమంటారు. అదే వేలిని నా కాగితం మీద ఒత్తించాను. అంచుల్లో నాలుగైదు గీతలు ఉన్నాయి. మధ్యలో, తెగిన పోగును ముడేసేటప్పుడు దారం రాసుకునే చోట, గీత అన్నది లేదు. నున్నటి నలుపు. నాన్న దాన్ని కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. "మిషన్‌ది తప్పు కాదన్నమాట" అన్నారు.

ప్రతి అచ్చు వెనక పెన్సిల్‌తో తేదీ, ఎవరిది, ఏ భాగం, ఏ జిడ్డు, ఏ పొడి అని రాసిపెట్టుకోండి. మధ్యలో బటర్ పేపర్ వేసి పరుపుగా పడుకోబెట్టండి, చుట్టొద్దు.