పాత పత్రికల్లో మందుల యాడ్స్ చదవడం ఎలా

బ్రిటిష్ కాలంలో మనవాళ్ల ఇళ్లల్లో ఏం వాడేవాళ్లో తెలియాలంటే పాత ఆంధ్రపత్రిక, భారతి, గృహలక్ష్మి సంచికలు తిరగేయండి, ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ (ఇప్పుడు మీడియా అకాడమీ) ఆర్కైవ్స్‌లో చాలా స్కాన్లు ఉన్నాయి.

కథలు, వ్యాసాలు పక్కనపెట్టి ముందు అట్టల లోపలి పేజీలు చూడండి, యాడ్స్ ఎక్కువగా అక్కడే. పత్రిక ఎవరిదో కూడా గమనించాలి, ఇది చాలామంది వదిలేస్తారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలెట్టి, ఆ డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. గృహలక్ష్మి నడిపింది కేసరిగారు, ఆడవాళ్లకి 'లోధ్ర' అనే మందు అమ్మిన మద్రాసు కేసరి కుటీరం కూడా ఆయనదే. మన పత్రికలకి మందు సీసాలు ఇంత అండగా నిలబడ్డాయంటే నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

తర్వాత ధర. 1-4-0 అని ఉంటే రూపాయి నాలుగణాలు, చివరిది పైలు (అణాకి 12 పైలు, రూపాయికి 16 అణాలు). నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్లో, కాబట్టి ఇంట్లో డేట్ లేని కటింగ్ దొరికి అందులో అణాలు ఉంటే దాదాపు అంతకు ముందుదే అనుకోవచ్చు. యాడ్‌లో వి.పి.పి. అని కనిపిస్తే, అంటే పోస్ట్‌మ్యాన్‌కి డబ్బు కట్టి పార్సిల్ తీసుకోవడం.

అన్ని రోగాలకీ ఒకటే మందు అన్న మాటలు మాత్రం నమ్మకండి, అలాంటి యాడ్స్‌ని కట్టడి చేసే చట్టం 1954లో గానీ రాలేదు. అటకమీద పాత సీసా దొరికినా రుచి చూడొద్దు, అప్పట్లో దగ్గుకీ విరేచనాలకీ తాగిన క్లోరోడైన్‌లో నల్లమందు (ఓపియం) ఉండేది.