కథ పంపి నెలలైంది, జవాబు లేదు: ముందు ఏం చూడాలి?

హన్మకొండలో ఏ సాహిత్య సభకు పోయినా టీ దగ్గర ఎవరో ఒకరు పట్టుకుంటారు. "పత్రికకు కథ పంపి నాలుగు నెలలైందన్నా, ఉలుకూ లేదు పలుకూ లేదు. వరంగల్ అడ్రస్ చూసి పక్కన పడేస్తున్నరంటవా?" నేను ఒక్కటే అంటాను: "పంపిన మెయిల్ ఒకసారి తెరువు." చాలామంది అప్పటిదాకా తెరిచి ఉండరు. తెరిస్తే ఫైలు జతే కాలేదు. ఒకాయనది జతయింది గానీ, అది కథ కాదు, కరెంటు బిల్లు. ముందు ఇది చూసుకోండి, అడ్రస్ సంగతి తర్వాత.

సమస్య: అసలు జవాబే రాలేదు

మెయిల్ సరిగ్గానే పోయిందా? అయితే హామీపత్రం చూడండి. కథ సొంతం, అనువాదం కాదు, అనుకరణ కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, వేరేచోట పరిశీలనలో లేదు. ఈ రెండు మూడు లైన్లు లేకపోతే చాలా పత్రికలు కథ ముట్టుకోవు. పేరు, చిరునామా, ఫోన్ నంబరు మెయిల్‌లో రాస్తే సరిపోదు, కథ ఫైల్లో కూడా ఉండాలి. ఫైలు దించుకున్నాక మెయిల్ ఎక్కడో, కథ ఎక్కడో.

ఇవన్నీ ఉన్నా జవాబు రాలేదంటే, కథ డీటీపీ షాపులో కొట్టించారా అని అడుగుతాను. అవునంటే జబ్బు దొరికినట్టే.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. మూడు కథలు చేత్తో రాసి, చౌరస్తా దగ్గర పెళ్లిపత్రికలు కొట్టే షాపులో టైపు చేయించాను. పక్కన కూర్చుని ప్రూఫ్ దిద్దాను, ప్రింటు తీసి మళ్లీ చదివాను. ఒక్క తప్పు లేదు. ఆ షాపు నుంచే మెయిల్ చేయించాను. ఎనిమిది నెలలకు ఒక పత్రిక నుంచి సబ్ ఎడిటర్ ఫోన్ చేశాడు. "సార్, కథ తెలుగులోనే రాశారా?" నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చి ఫైలు నా ఫోన్లో తెరిస్తే కోపం దిగిపోయింది. మొదటి లైను నిండా ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఏవో అక్షరాలు. ఎనిమిది పేజీలూ అంతే.

కారణం ఏంటంటే, అను వంటి పాత ఫాంట్లలో లోపల ఉండేది తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల కోడ్ మీద తెలుగు బొమ్మ తొడుగుతారు. ఆ ఫాంటు లేని చోట తొడుగు ఊడిపోతుంది. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది. 3093 అంటే ఎక్కడ తెరిచినా 'క' అనే. షాపు కంప్యూటర్లో ఆ ఫాంటు ఉంది కాబట్టి మనకు అంతా బాగానే కనపడుతుంది. తప్పు మనం చూడని చోట ఉంటుంది.

"పీడీఎఫ్ చేసి పంపితే?" అంటారు. నేనూ పంపాను. చదవడానికి అద్దంలా ఉంటుంది, ఎందుకంటే ఫాంటు దాంట్లోనే ఇమిడి ఉంటుంది. పేజీ పెట్టేవాళ్లు అందులోంచి కాపీ చేస్తే మళ్లీ అదే పిచ్చిగీతలు. కొత్త రచయిత కథను కూర్చుని మళ్లీ టైపు చేసే ఓపిక ఎవరికుంది?

పరీక్ష చిన్నది. ఫైల్లోంచి ఒక పేరా కాపీ చేసి మీ వాట్సాప్‌కే పంపుకోండి. తెలుగు తెలుగుగానే ఉంటే సరే. లేకపోతే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మార్చాక మాత్రం ప్రింటు పక్కన పెట్టుకుని లైను లైను చదవాలి. ఒత్తులు రాలిపోతాయి. నా కథలో అత్తమ్మ 'అతమ' అయింది. ఇవన్నీ ఎందుకనుకుంటే ఫోన్లోనే టైపు చేసుకోండి. చెప్తే రాసే సౌకర్యం కూడా ఉంది గానీ, నేను 'తొవ్వ' అంటే అది 'తవ్వ' అని రాస్తుంది.

అచ్చు పత్రికలు కొన్ని ఇంకా అనులోనే పేజీలు పెడతాయి. నియమాల్లో అను ఫైలు అడిగితే రెండూ పంపండి.

సమస్య: "బాగుంది, కానీ ఇప్పుడు వేయలేం"

ఎంగిలిపూల నాడు బతుకమ్మ కథ పంపితే ఈ జవాబే వస్తుంది. పండగ సంచిక అప్పటికే అచ్చుకు పోయి ఉంటుంది. కనీసం రెండు నెలల ముందు పంపాలి. ఆలస్యమైందని ఫేస్‌బుక్‌లో పెట్టేస్తారు కొందరు. పెడితే అది అచ్చయినట్టే లెక్క, వచ్చే ఏడాదికీ పనికిరాదు.

సమస్య: అచ్చయింది గానీ యాస మార్చేశారు

'తొవ్వ' పోయి 'దారి' వచ్చింది. కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం చేసుకునే మనకు ఇది మండుతుంది. కానీ తప్పు సగం మనదే. కథనంలో ఒక పేజీలో 'పోయిండు', ఇంకో పేజీలో 'వెళ్లాడు' అని రాస్తే దిద్దేవాడు దేన్ని ఉంచాలి? అంతటా ఒకేలా రాసి, "యాస కావాలనే వాడాను, మార్చే ముందు ఒక మాట చెప్పండి" అని మెయిల్‌లో ఒక లైను పెట్టండి. నాకు ఆ తర్వాత ఒక్కసారే మార్చారు, అదీ ఫోన్ చేసి అడిగాకే.

ఇక జవాబు రాకపోతే అందరూ అనుమానించేవి మూడు: ఎడిటర్ మారిపోవడం, మెయిల్ స్పామ్‌లో పడటం, ఎవరో కుట్ర చేయడం. మొదటి రెండూ ఎప్పుడో ఒకసారి జరుగుతాయి. మూడోది ఇన్నేళ్లలో నేను చూడలేదు.

నియమాల్లో గడువు రాసి లేకపోతే నేను మూడు నెలలు ఆగుతాను. తర్వాత "ఈ కథను వెనక్కి తీసుకుంటున్నాను" అని మెయిల్ పెట్టి, ఇంకోచోటికి పంపుతాను. ఆ మెయిల్ పెట్టకుండా పంపి, రెండుచోట్లా ఒకే ఆదివారం అచ్చయి తలపట్టుకున్న మిత్రుడు నాకున్నాడు.