షుగర్ ఉన్నవారికి తిన్నది ఒంటికి పట్టకపోతే

సమస్య: తిండి బాగానే తింటున్నారు, షుగర్ కూడా అదుపులోనే ఉంది, అయినా బరువు తగ్గిపోతున్నారు. భోజనం తర్వాత కడుపు ఉబ్బరం, గ్యాస్. మలం లేత రంగులో, జిడ్డుగా, భరించలేని వాసనతో వస్తోంది. ఎన్ని నీళ్లు పోసినా పోకుండా తేలుతోంది. ఈ చివరి విషయం చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు. దయచేసి డాక్టరుకు ముందు అదే చెప్పండి.

కారణం: పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) పని ఇన్సులిన్ ఒక్కటే కాదు. ఆ గ్రంథిలో చాలా భాగం జీర్ణరసాలు తయారు చేయడానికే ఉంది. ముఖ్యంగా కొవ్వును అరిగించే లైపేజ్ అక్కడి నుంచే రావాలి. ఆ రసాలు తయారుచేసే కణాలు పక్కనే ఊరే ఇన్సులిన్‌తోనే పుష్టిగా ఉంటాయి. ఇన్సులిన్ తగ్గితే అవీ చిక్కిపోతాయి. టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం) ఉన్నవారి పాంక్రియాస్ చాలావరకు మామూలు కన్నా చిన్నగా ఉండటానికి ఇదొక కారణం. ఏళ్ల తరబడి షుగర్‌తో నరాలు దెబ్బతింటే, తిండి లోపలికి వచ్చిందన్న కబురు కూడా దానికి సరిగా అందదు. కొందరిలో వరస తిరగబడుతుంది: ముందు పాంక్రియాస్ వాపు, దానివల్ల షుగర్.

తేల్చుకోవడం ఎలా: లూజ్ మోషన్స్ అన్నీ ఈ జీర్ణరసాల లోపం వల్లే కావు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మొదలుపెట్టాకో, డోసు పెంచాకో వచ్చాయంటే ముందు దాన్నే అనుమానించాలి. అలాగని ప్రతిదీ ఆ మాత్ర మీదకు నెట్టేసి ఊరుకోకూడదు. మలంలో ఎలాస్టేజ్ (పాంక్రియాస్ తయారుచేసే ఒక జీర్ణ ఎంజైమ్) పరీక్ష అడగండి. గ్రాముకు 200 మైక్రోగ్రాముల కన్నా తక్కువుంటే లోపం ఉందని అనుమానం, 100 కన్నా తక్కువైతే అనుమానం బలపడుతుంది. నీళ్ల విరేచనం శాంపిల్‌గా ఇస్తే లేని లోపం ఉన్నట్టు కనిపించవచ్చు.

పరిష్కారం: డాక్టరు రాసే ఎంజైమ్ క్యాప్సూల్స్. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. పరగడుపునో, తిన్న గంటకో వేసుకుంటే తిండితో కలవక వృథా అవుతాయి. మొదటి ముద్దతో మొదలుపెట్టాలి, ఒకటికి మించి ఉంటే మిగతావి భోజనం మధ్యలో వేసుకోవాలి. నమలకూడదు. నూనె, నెయ్యి పూర్తిగా మానేయడం మందు కాదు, దాంతో ఇంకా నీరసిస్తారు. ఎ, డి, ఇ, కె విటమిన్లు తగ్గాయేమో చూపించుకోండి. మద్యం, సిగరెట్ మానాల్సిందే.

ఒక జాగ్రత్త: తిండి ఒంటికి పట్టడం మొదలైతే షుగర్ పెరగవచ్చు. కంగారుపడి క్యాప్సూల్స్ ఆపకండి, షుగర్ మందు డోసు సరిచేయించుకోండి.

పైపొట్టలో తీవ్రమైన నొప్పి వీపుకు పాకుతూ వాంతులైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. 50 దాటాక కొత్తగా షుగర్ వచ్చి, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే పాంక్రియాస్ స్కానింగ్ గురించి డాక్టరును అడగండి.