బడ్జీలకి కుండ కట్టే ముందు

మా తిరపతిలో వీటిని లవ్ బర్డ్స్ అనే పిలుస్తారు గానీ ఇవి బడ్జీలు, సొంతూరు ఆస్ట్రేలియా, లవ్ బర్డ్స్ వేరే జాతి. జత తెచ్చిన వారానికే అందరూ అడిగేది ఒకటే, గుడ్లు పెట్టుకునే కుండ ఎప్పుడు కట్టాలన్నా అని. నేను తిరిగి అడుగుతా, ఆరు పిల్లలొస్తే ఎవరికిస్తావు నాయనా? చాలామంది కావాలంటా ఉండారన్నా అంటారు. నన్నూ అట్లే అడిగినారు, తీరా పిల్లలకి రెక్కలొచ్చాక ఫోన్ చేస్తే ఒకరింట్లో పిల్లి, ఇంకొకరింట్లో పరీక్షలు. కాబట్టి ఖాయంగా తీసుకునేవాళ్ళు లేకపోతే కుండ కట్టొద్దండి. కుండ లేకపోతే చాలా జతలు గుడ్ల జోలికే పోవు, హాయిగా అరుచుకుంటా బతికేస్తాయి.

ఇంక వయసు. ఏడాది నిండాల్సిందే, ముఖ్యంగా ఆడదానికి. చిన్న పిల్లకి కళ్ళు మొత్తం నల్లగా ఉంటాయి, పెద్దదయ్యాక చుట్టూ తెల్ల రింగ్ వస్తుంది. ముక్కు పైన ఉబ్బుగా ఉండే చోట మగదానికి నీలం, రెడీగా ఉన్న ఆడదానికి గోధుమ రంగు, పెచ్చులు కట్టినట్టు గరుగ్గా (పసుపు, తెల్ల రకాల మగవాటికి మాత్రం గులాబీ రంగే ఉండిపోతుంది, మోసపోవద్దు). నాకు షాపతను ఏడు నెలలు చాల్లే అన్నాడు, నేనూ నమ్మి కట్టేసినా. ఒకరోజు తెల్లారి చూస్తే ఆడది ఈకలు ఉబ్బించుకోని కేజ్ అడుగున కూర్చోనుంది, తోక పైకీ కిందికీ ఊగతా ఉంది, గుడ్డు లోపలే ఇరుక్కుపోయింది. మధ్యాహ్నానికి పోయింది. అట్లా కనిపిస్తే వెచ్చగా పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల, మనకి వెటర్నరీ కాలేజీ ఊర్లోనే ఉంది కదా.

కాల్షియం తక్కువైతే ఇట్లాంటివి జరుగుతాయి, కుండ కట్టడానికి నెల ముందు నుంచే కటిల్ బోన్ (కటిల్ ఫిష్ అనే సముద్రపు జీవి లోపలి తెల్ల ఎముక), మునగాకు, కొంచెం ఉడికిన గుడ్డు పెట్టండి, ఉత్త కొర్రలు చాలవు. అన్నాచెల్లెళ్ళని జత కట్టొద్దు, కేజ్‌కి ఒక్క జతే.

టైమింగ్ మన ఎండల్ని బట్టి చూసుకోండి. రోజు మార్చి రోజు గుడ్డు, మొత్తం నాలుగు నుంచి ఆరు, ఒక్కోటి పొదగడానికి 18 రోజులు, పిల్ల బయటికి రావడానికి ఇంకో ఐదు వారాలు. ఫిబ్రవరి చివర్లో కట్టినారనుకోండి, పిల్లలు ఏప్రిల్లో కుండలో ఉడికిపోతాయి. వానలు తగ్గినాక డిసెంబర్లో కడితే బెస్ట్. కుండ అడుగున రంపపు పొట్టు వెయ్యండి, నున్నగా ఉంటే పిల్లల కాళ్ళు పక్కలకి చీలిపోతాయి.

ఏడాదికి రెండు సార్లు, అంతే. తర్వాత కుండ తీసేసి, సాయంత్రం తొందరగా గుడ్డ కప్పేయండి, వెలుతురు తగ్గితే అవీ చల్లబడతాయి. అయినా గుడ్డు పెట్టిందా, ఉడకబెట్టి ఆరినాక మళ్ళీ అక్కడే పెట్టేయండి, తీసేస్తే ఇంకోటి పెడుతుంది, అది పొదిగీ పొదిగీ విసుగొచ్చి తనే వదిలేస్తుంది.