టెంపరేచర్ చూపించే సాఫ్ట్‌వేరే కంప్యూటర్‌ను పడేస్తుంటే

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్టు. పదేళ్లు దాటిన కంప్యూటర్, విండోస్ 10. మే నెలలో రోజూ లాగిన్ అయిన రెండు నిమిషాలకే బ్లూ స్క్రీన్. "ఎండకేనండీ, ఫ్యాన్ మార్చేయండి" అన్నాడు గుమస్తా. క్యాబినెట్ విప్పితే ఫ్యాన్ రెక్కలకు ఎర్రగా కారం దుమ్ము పట్టి ఉంది. అంతా దులిపాను. అయినా మళ్లీ పడింది.

సమస్య
ఎలా పడుతోందో ముందు గమనించండి. వేడి మితిమీరితే కంప్యూటర్ మామూలుగా ఏ మెసేజీ లేకుండా ఠక్కున ఆరిపోతుంది. బ్లూ స్క్రీన్ మీద 'వాట్ ఫెయిల్డ్' పక్కన .సిస్ ఫైలు పేరు ఉంటే డ్రైవర్‌నే (హార్డ్‌వేర్‌తో విండోస్‌ను మాట్లాడించే ప్రోగ్రామ్) ముందు అనుమానించాలి. వెంటనే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఇక్కడ కనిపించిన ఫైలు, ఎండాకాలమని టెంపరేచర్ చూసుకోవడానికి వేసుకున్న సాఫ్ట్‌వేర్‌దే.

కారణం
ఫ్యాన్ వేగం, వేడి కొలిచే చిప్ మదర్‌బోర్డు మీద ఉంటుంది. దాన్ని చదవడం రెండు అంచెల పని: ఏ అంకె కావాలో ముందు చెప్పాలి, తర్వాత అంకె తీసుకోవాలి. ఈ రెండింటి మధ్య బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు లేచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) గానీ, ఇంకో సెన్సర్ సాఫ్ట్‌వేర్ గానీ అదే చిప్‌ను అడిగితే లెక్క తారుమారవుతుంది. కాటా దగ్గర ఒక గుమస్తా పలక మీద లాట్ నంబరు రాసి మిర్చి టిక్కీ (బస్తా) తూచేలోపు ఇంకొకరు దాన్ని చెరిపి తన నంబరు రాసినట్టు. డ్రైవర్ పనిచేసేది విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో కాబట్టి అక్కడ తప్పు జరిగితే సిస్టమ్ మొత్తం పడిపోతుంది.

పరిష్కారం
లాగిన్ స్క్రీన్‌లో షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. తర్వాత 4 నొక్కితే సేఫ్ మోడ్, అంటే అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే విండోస్ లేస్తుంది. అక్కడ సెన్సర్ సాఫ్ట్‌వేర్‌ను తీసేయండి. తీసేసినా డ్రైవర్ మిగిలిపోవచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆటోరన్స్ అనే టూల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, డ్రైవర్స్ ట్యాబ్‌లో ఫొటోలో ఉన్న పేరుకే టిక్ తీయండి. వేరే పేరు జోలికి వెళ్లకండి, అసలు సిస్టమే లేవకపోవచ్చు.

ఇలాంటి సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో విన్‌రింగ్0 అనే పాత డ్రైవర్ ఉంటుంది. అందులోని భద్రతా లోపం 2020లోనే నమోదైంది. 2025 మార్చి నుంచి విండోస్ డిఫెండర్ దాన్ని పట్టుకుంటోంది. హెచ్చరిక వస్తే దయచేసి 'అలో' నొక్కకండి.

టెంపరేచర్ చూడాలంటే బయోస్ చాలు. చాలా కంప్యూటర్లలో ఆన్ చేయగానే డెలీట్ లేదా ఎఫ్2 నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది, అందులో హార్డ్‌వేర్ మానిటర్ పేజీ దొరుకుతుంది. ఆ కొట్టు కంప్యూటర్‌లో అక్కడ చూస్తే ప్రాసెసర్ 58 డిగ్రీలు. ఫ్యాన్ మార్చాల్సిన పనే లేకపోయింది.