పిల్లలు మధ్యలో లేచి వెళ్ళకుండా ఇంట్లో భాగవతం చదువుకోవడం ఎలా?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్ళలో ఒక చిక్కు ఉంది. మామ్మకి గజేంద్ర మోక్షం నోటికి వస్తుంది. మనవడికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ. పోతన భాగవతం దేవుడి గదిలో పసుపు బొట్లతో భద్రంగా ఉంటుంది. ఎప్పుడైనా కూర్చోబెట్టి చదివి వినిపిద్దామంటే, కాసేపటికే ఒకరికి దాహం వేస్తుంది, ఇంకొకరికి హోంవర్కు గుర్తొస్తుంది.

పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు. వినడం తప్ప మనం వాళ్ళకి వేరే పని ఇవ్వం. అసలు భాగవతం నడిచిందే ప్రశ్నల మీద. పరీక్షిత్తు అడుగుతూ ఉంటే శుకుడు చెప్పుకుంటూ పోయాడు. ఆ అడిగే హక్కు పిల్లలకి ఇస్తే సగం పని అయినట్టే. మిగతా సగం ఎలాగో చూద్దాం.

1. వేళ కుదుర్చుకోండి

సాయంత్రం దీపం పెట్టగానే అంటే పెద్ద పిల్లలు ట్యూషన్‌లో ఉంటారు. అన్నాలయ్యాక అంటే చిన్నవాళ్ళు తూగుతారు. ట్యూషన్ నుంచి వచ్చాక, అన్నాలకి ముందు ఒక పావుగంట చాలు. వారానికి నాలుగు రోజులు పెట్టుకోండి. రోజూ అని మొదలుపెట్టి పది రోజులకి మానేయడం కంటే ఇది నయం. ఆ పావుగంట నాన్న ఫోన్ కూడా పక్కన ఉండాలి, ఇందులో మినహాయింపు లేదు. ఇంకా చదవమని అడిగినా ఆపేయండి. మొసలి కాలు పట్టిన చోట ఆపితే మర్నాడు పిలవకుండానే వస్తారు.

మొదలుపెట్టడానికి కార్తీకం మంచి అదను. పక్కింటి ఒడియా వాళ్ళకి కుమార పూర్ణిమ (ఆశ్వయుజ పూర్ణిమ) మర్నాడే కార్తీకం వచ్చేస్తుంది, మనకి దీపావళి అమావాస్య దాటాలి. రెండూ కలుపుకుంటే నెలన్నర. వీధిలో ఎలాగూ భాగవత పారాయణాలు వినిపిస్తుంటాయి. చేపల కూర లేని రోజులు కనుక వంటింటి పని కూడా కాస్త తగ్గుతుంది.

2. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి

ప్రథమ స్కంధం ముందు పేజీలతో మొదలుపెడితే పిల్లలు నీరుగారిపోతారు. పదేళ్ళలోపు వాళ్ళుంటే అష్టమ స్కంధంలోని గజేంద్ర మోక్షం తీసుకోండి. మన వైపు పిల్లలకి ఏనుగు బొమ్మల పుస్తకంలోది కాదు. గజపతి జిల్లా లఖారీ లోయ ఏనుగులు హద్దు దాటి శ్రీకాకుళం పొలాల్లోకి దిగిన కథలు ఇంట్లోనే వింటుంటారు. తర్వాత సప్తమ స్కంధంలోని ప్రహ్లాదుడు. పద్నాలుగు పదిహేనేళ్ళ వాళ్ళుంటే మాత్రం పరీక్షిత్తు శాపం కథతో మొదలుపెట్టండి. ఎందుకో కింద చెబుతాను.

ఒక్క కథకి రెండు మూడు వారాలు పట్టినా ఫరవాలేదు. పద్యం మామ్మ చదివితే, కథ మాత్రం మీ ఇంటి మాటల్లో చెప్పండి. తాత్పర్యం ఉన్న తిరుమల తిరుపతి దేవస్థానాల ప్రచురణ లాంటిది దగ్గర పెట్టుకుంటే ఆ రోజు చెప్పాల్సినవాళ్ళకి టెన్షన్ ఉండదు.

3. లిపి సంగతి

చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. నిజానికి ఒడియా చదవడం వచ్చిన పిల్లలకి తెలుగు అక్షరాలు మరీ కొత్త కాదు. వరస అదే: అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ. గుణింతం పద్ధతీ అదే. ఆకారాలు మాత్రమే కొత్తగా పట్టుకోవాలి.

అంతవరకూ పద్యాన్ని ఒడియా అక్షరాల్లో రాసి ఇవ్వొచ్చు, కానీ రెండు జాగ్రత్తలు కావాలి. ఒకటి, ఒడియాలో అకారాన్ని ఇంచుమించు ఒకారంలా పలుకుతారు. ‘కలడు’ అని రాసిస్తే పిల్లవాడు ‘కొలొడు’ అని చదివి కూర్చుంటాడు. అందుకే చదివించే ముందు చెవికి వినిపించాలి, రెండు మూడుసార్లు. రెండోది, హ్రస్వమైన ఎ, ఒ లకు ఒడియాలో వేరే అక్షరాలు లేవు. ఎ, ఏ ఒకటైపోతే లఘువు గురువైపోయి పద్యం నడక కుంటుతుంది. దీర్ఘం ఉన్న చోట అక్షరం మీద చిన్న గీత పెట్టండి. ఈ గీతలు పెట్టే పని పిల్లలకే అప్పగిస్తే ఇంకా మంచిది, ఛందస్సు పేరెత్తకుండానే చెవి తయారవుతుంది.

ఆ తర్వాత కంద పద్యాలు తీసుకోండి. నాలుగే పాదాలు. కూర్చున్నప్పుడల్లా ఒక్క పాదం తెలుగు లిపిలో పలక మీద రాయిస్తే, వారం తిరిగేసరికి ఒక పద్యం చదవడం వచ్చేస్తుంది. ‘కలడందురు దీనుల యెడ’, ‘ఇందుగలడందు లేడని’, ‘చదివించిరి నను గురువులు’ ఇందుకు సరిపోతాయి. ‘సిరికిం జెప్పడు’ మత్తేభం. చదివించడానికి తొందరపడకండి, మామ్మ గొంతులో విననివ్వండి చాలు.

4. అందరికీ ఒక పని

చిన్నవాళ్ళకి చప్పుళ్ళు: ఏనుగు ఘీంకారం, నీళ్ళ అలజడి, విష్ణువు బయల్దేరినప్పుడు శంఖం. ఇల్లు కాస్త గోలగా ఉంటుంది, ఉండనివ్వండి.

ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ వాళ్ళు నిన్నటి కథ మూడు మాటల్లో చెప్పాలి. దీనికంటే బాగా పనిచేసేది ఇంకొకటుంది. మామ్మ కావాలని ఒక తప్పు చెప్పాలి, గజేంద్రుణ్ణి పులి పట్టుకుందనో, వామనుడు నాలుగడుగులు అడిగాడనో. పట్టుకున్నవాళ్ళు గెలిచినట్టు. తప్పు పట్టడానికైనా చెవులు రిక్కించి వింటారు.

పెద్ద పిల్లలకి పెద్ద పనే ఇవ్వాలి, లేకపోతే మొహం తిప్పేసుకుంటారు. పదహారో శతాబ్దంలో జగన్నాథ దాసు రాసిన ఒడియా భాగవతం దాదాపు ప్రతి పక్కింట్లోనూ ఉంటుంది. పాదానికి తొమ్మిదక్షరాల చొప్పున తేలిగ్గా సాగుతుంది. ఒడియా ఊళ్ళలో భాగవత టుంగి అని దాన్ని చదువుకోవడానికే ఒక చోటు ఉండేది. అదే ఘట్టం అందులో ఎలా ఉందో చదివి రావడం పెద్ద పిల్లల వంతు. తెలుగు చదవలేమన్న చిన్నతనం పోతుంది, పైగా ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి వాళ్ళే పట్టుకొస్తారు. మామ్మ పద్యాలు ఫోన్లో రికార్డు చేసి సూరత్‌లో ఉన్న బాబాయికో, విశాఖలో ఉన్న అత్తకో పంపించే పని కూడా వాళ్ళదే.

5. ప్రశ్నలకి అడ్డుపడకండి

ఒడిశాలో పెరిగిన పిల్లలు గజేంద్రుడి కథలో వెంటనే అడిగేది ఇంద్రద్యుమ్నుడి గురించి. పూర్వజన్మలో గజేంద్రుడు అగస్త్యుడి శాపం పొందిన ఇంద్రద్యుమ్న మహారాజు. “పూరీలో గుడి కట్టించింది ఆయనే కదా తాతా?” అంటారు. కాదు, ఈయన ద్రవిడ దేశపు రాజు, పూరీ కథలోని ఆయన మాళవ రాజు. పూరీలో మాఘ పూర్ణిమకి జగన్నాథుడికి గజ ఉద్ధారణ వేషం వేస్తారని కూడా అప్పుడే చెప్పండి.

పెద్ద పిల్లల ప్రశ్నలు వేరే రకం. “దేవుడు అసలు ఉన్నాడా?” అని వాళ్ళు అంటే ఉలిక్కిపడాల్సిన పని లేదు. ‘కలడందురు’ పద్యం చివర ‘కలడో లేడో’ అని గజేంద్రుడే అడిగాడు. ఆ పద్యం తీసి ముందు పెట్టండి.

వామన చరిత్ర అయితే వాదనకే పుట్టినట్టుంటుంది. ప్రాణం మీదికి, మానం మీదికి వచ్చినప్పుడు, పెళ్ళిళ్ళ విషయంలో బొంకితే పాపం లేదని శుక్రాచార్యుడు బలికి చెబుతాడు. బలి ఒప్పుకోడు. ఇంట్లో ఇద్దరు శుక్రుడి పక్షం, ఇద్దరు బలి పక్షం నిలబడి మాట్లాడండి. మరి పొట్టివాడిగా వచ్చి మూడు లోకాలూ కొలిచింది మోసం కాదా అని కూడా అడుగుతారు. తీర్పు చెప్పే తొందర వద్దు. “నాకూ తెలీదమ్మా, రేపు చూద్దాం” అంటే తండ్రి పరువేం పోదు.

ఇక పరీక్షిత్తు. దాహంతో వచ్చిన రాజు, ధ్యానంలో ఉన్న శమీకుడు పలకలేదని కోపంతో చచ్చిన పాముని ఆయన మెడలో వేశాడు. ఆయన కొడుకు శృంగి ఇంకా కుర్రాడు, ఏడు రోజుల్లో తక్షకుడి కాటుతో చావమని శపించాడు. తండ్రి మెచ్చుకోలేదు, బాధపడి కొడుకునే మందలించాడు. తండ్రిని అవమానిస్తే వచ్చే కోపం, ఒక్క మాటతో చెయ్యి దాటిపోవడం, ఆపైన ఇంట్లో తిట్లు: పదిహేనేళ్ళ వాళ్ళకి ఇదంతా బాగా తెలిసిన వ్యవహారం. శిక్ష తప్పుకి తగినదేనా అని అడిగి ఊరుకోండి, పావుగంట ఇట్టే గడిచిపోతుంది.

గజపతి, రాయగడ జిల్లాల్లో బైబిలు చదివే ఇళ్ళూ చాలా ఉన్నాయి. పద్ధతి వాళ్ళకీ ఇదే. తప్పిపోయిన కుమారుడి కథలో అలిగి బయట నిలబడిన పెద్దకొడుకు అన్నది న్యాయమేనా అని అడిగి చూడండి, లూకా సువార్త పదిహేనో అధ్యాయం అయ్యేదాకా ఎవరూ లేవరు.

ఒక్కటి మాత్రం చేయకండి. “ప్రహ్లాదుణ్ణి చూడు, నువ్వూ ఉన్నావు” అన్నారంటే ఆ రోజుతో సరి. పైగా ప్రహ్లాదుడు నాన్న మాట వినలేదు కదా అని వాళ్ళు అంటే మన దగ్గర జవాబుండదు.

6. చూపించండి

పర్లాకిమిడి వైపు ఉన్నవాళ్ళ అదృష్టం మహేంద్రగిరి. 1501 మీటర్ల కొండ, పైన కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో పాత గుళ్ళు. పరశురాముడు ఇప్పటికీ మహేంద్ర పర్వతం మీదే ఉన్నాడని నవమ స్కంధం చెబుతుంది. బలరాముడు తీర్థయాత్రలో అక్కడే ఆయన్ని దర్శించుకున్నాడని దశమ స్కంధం. శివరాత్రికి జనం బాగా ఉంటారు, చిన్నపిల్లలతో అయితే వేరే రోజు వెళ్ళండి. క్షీరసాగర మథనం చదివాక శ్రీకాకుళం దగ్గరి శ్రీకూర్మం తీసుకెళ్ళండి. కూర్మావతారం గుడి సరే, ఆవరణలో పెంచే తాబేళ్ళ దగ్గర నుంచి పిల్లల్ని కదిలించడం కష్టం.

గంజాం జిల్లాలో ప్రహ్లాద నాటకం ఆడుతుంటే వదలకండి. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద హిరణ్యకశిపుడు ఎక్కుతూ దిగుతూ రాత్రంతా గర్జిస్తాడు. తెల్లవార్లూ కూర్చోలేకపోయినా మొదటి రెండు గంటలు చాలు. ప్రహ్లాదుడి కథ సగంలో ఉండగా చూపిస్తే ఇంకా బాగుంటుంది.

7. పరీక్షల నెలలో

కథ ఆపేయండి. దీపం పెట్టినప్పుడు వచ్చిన పద్యం ఒకటి చదివితే చాలు. సెలవులు రాగానే దశమ స్కంధం తీయండి. చిన్నవాళ్ళుంటే వెన్నదొంగతనాలతో, పెద్ద ఆడపిల్లలుంటే రుక్మిణీ కల్యాణంతో. ఇష్టం లేని పెళ్ళి తప్పించుకోవడానికి రుక్మిణి అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత కృష్ణుడికి కబురు పంపుతుంది. ఆ కథ అయ్యాక వచ్చే ప్రశ్నలకి అమ్మానాన్నలు ముందే కాస్త సిద్ధపడి కూర్చోవాలి మరి.